ఎండ పడే గోడ

పాలు పోసే పుష్పమ్మ బర్రెల పెండ తట్ట నెత్తిన పెట్టుకొని గల్లీ మలుపు దాకా రావడం, గోడ వైపు ఒకసారి చూసి మళ్ళీ వెనక్కి తిరిగి పోవడం కోమలవల్లి ఆ వారంలో చాలాసార్లు చూసింది. ఏదో మరిచిపోయి వెనక్కి పోతోందిలే అనుకుంది. ఆ పొద్దు కూడా అలాగే అనుకొని, చేతిలోని కుంచెను నీళ్ల డబ్బాలో కడిగి, గోడ మీది కేతమ్మ బొమ్మ ముక్కుపుడకకు పసుపు రంగు పెట్టే పనిలో పడింది.

గౌలిపురలో అంత పొడుగు గోడ ఇంకొకటి లేదు. ఎప్పుడో మూతబడిన నూనె మిల్లు వెనక గోడ అది. ఇప్పుడు దాని మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా రంగులే. పైన, గొల్లవాళ్లు పశువులను ఊరేగించే సదర్ పండుగ దున్నలు, బర్రెలు నెమలి ఈకలు, పూసల దండలు, గజ్జెలు కట్టుకొని ఒకదాని వెనక ఒకటి నడుస్తున్నాయి. కింద, మనిషి చెయ్యెత్తితే అందేంత మేర, మల్లన్న దేవుడి ఊరేగింపు. కోరమీసాల మల్లన్న, ఆయనకు ఒక పక్క మేడలమ్మ, ఇంకొక పక్క గొల్ల కేతమ్మ, వాళ్ల వెనక బోనాలెత్తిన ఆడవాళ్లు, డోళ్లు కొడుతూ మల్లన్న కథ చెప్పే ఒగ్గువాళ్లు, గొర్రెల మంద. దేవుళ్లను కింది వరుసలో పెట్టాలన్నది కోమలవల్లి ఆలోచనే. ఈ నగరంలో గోడకు దేవుడే కాపలా. దేవుడి బొమ్మ లేని గోడ తెల్లారేసరికి ఏమవుతుందో, దారిన పోయే మగవాళ్లు దాన్ని ఏం చేస్తారో అందరికీ తెలుసు.

బొమ్మలకు కళ్లు దిద్దిన రోజున ఆమే పుష్పమ్మను పిలిచి, మీ దేవుడు కదా, మొదటి బండారి నువ్వే పెట్టు అన్నది. కోమలవల్లి గుడి కైంకర్యం చేసే ఇంట్లో పుట్టిన మనిషి. కళ్లు తెరిచిన దేవుణ్ణి అట్లా ఉత్తగా వదిలేయడం ఆమె వల్ల కాలేదు. పుష్పమ్మ బండారి పసుపు చల్లింది. ఆ నాటి నుంచి రోజూ పొద్దున ఎవరో ఒకరు గోడ కింద ఊదుబత్తి గుచ్చి పోతున్నారు.

స్కూల్లో డ్రాయింగ్ చెప్పే ఉద్యోగం అయిపోయాక కోమలవల్లి పెట్టుకున్న సంఘం పేరు 'ముంగిలి'. గోడలకు రంగులు వేయించడం, పిల్లలకు బొమ్మలు నేర్పడం, పండుగలకు గల్లీ అంతా కలిసి పాడుకునేట్టు చేయడం దాని పని. ఎందుకమ్మా ఇవన్నీ అని అడిగినవాళ్లకు ఆమె దగ్గర ఒకటే జవాబు. గల్లీ బాగుంటే జనం విడిచిపోరు. ఆమెకు ఏ తలుపు చూసినా అందులోంచి వెళ్లిపోయినవాళ్లే గుర్తొస్తారు. ఉప్పల్ పోయినవాళ్లు, కూకట్‌పల్లి పోయినవాళ్లు. ట్రాలీ ఆటోలో మంచం కోళ్లు ఆకాశానికి పెట్టుకొని, ఒళ్లో తులసి కుండీ పట్టుకొని, వచ్చి పోతుంటం అమ్మా అంటూనే వెళ్తారు. ఎవరూ రారు. పాల కొట్టాలు ఒక్కొక్కటీ మూతబడి ఇప్పుడు పుష్పమ్మ, ఆమె మొగుడు ఓదెలు నడిపే కొట్టం ఒక్కటే మిగిలింది. అదీ పోతే ఎట్లా అన్న గుబులు ఆమెను కొన్నాళ్లుగా నిలువనీయడం లేదు. గోడ నిండా బర్రెలు వేయించింది కూడా వాళ్ల కోసమే. బొమ్మలు చూడ్డానికి నలుగురు వస్తారు, చూసినవాళ్లు పాలు పోయించుకుంటారు, ఓదెలు, పుష్పమ్మ ఇక్కడే ఉండిపోతారు. ఆదివారం నాడు గోడను తెరిచే పండుగ పెట్టుకున్నారు. ఈ పనికి డబ్బిచ్చిన కంపెనీవాళ్లు, మున్సిపాలిటీ పెద్ద అధికారులు వస్తున్నారు.

మోటారు సైకిల్ చప్పుడుకు ఆమె తల తిప్పింది. ప్రేమ్‌రాజ్, ఈ వార్డు శుభ్రత చూసే సూపర్‌వైజర్, బండి దిగకుండానే కాలు నేలకు ఆనించి మురుగు పారే మోరీ వైపు చూస్తున్నాడు. రాత్రి పడ్డ వానకు కొట్టుకొచ్చిన పెండ మలుపు దగ్గర జాలీకి అడ్డంపడి గట్టిపడింది. మోరీ పచ్చగా పొంగి, బుడగలు వేస్తూ, పక్కిళ్ల గడపల దాకా వచ్చింది. ఇద్దరు మనుషులు పారలతో ఎత్తి రోడ్డు మీద పోస్తున్నారు. ప్రేమ్‌రాజ్ బండిని అక్కడే ఆపి ఓదెలు కొట్టం వైపు నడిచాడు. కోమలవల్లి కొంగుకు చేతులు తుడుచుకుంటూ వెనకే వెళ్లింది.

ఓదెలు గడ్డిచుట్టతో బర్రె వీపు రుద్దుతున్నాడు. వచ్చినవాళ్లను చూసి కూడా చెయ్యి ఆపలేదు.

"ఓదెలన్నా, ఇంక నాతోని కాదు" అన్నాడు ప్రేమ్‌రాజ్. "శనివారం పొద్దూకే వరకు బర్లను సిటీ బయటికి తోలెయ్యి. లేదంటే మున్సిపాలిటీ బండి వస్తది, ఎక్కించుకొని పోతది. అప్పుడు నన్ను అనొద్దు."

ఓదెలు బర్రె వీపు మీద చెంబెడు నీళ్లు పోశాడు. నల్లటి వీపు మీద నీళ్లు జారి నేల మీద పడ్డాయి. కోమలవల్లి కల్పించుకుంది. తరతరాలుగా ఉన్న కొట్టమని, గుడి అభిషేకానికి పాలు ఇక్కడి నుంచే పోతాయని, ఇంత తొందరేమిటని అడిగింది. ప్రేమ్‌రాజ్ ఆమె మాటకు అడ్డం రాలేదు. తను కూడా ఈ పాలే తాగి పెరిగానన్నాడు. ఇన్నాళ్లూ ఎన్ని ఫిర్యాదులు వచ్చినా జేబులో పెట్టుకొని తిరిగానన్నాడు. కాని ఆదివారం పెద్ద మేడమ్ వస్తోందట. ఆమె కారు దిగేది సరిగ్గా ఈ మోరీ పక్కనే.

"మీరే పిలిచిండ్రు గద మేడమ్, వాళ్లను" అన్నాడు. ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. "బర్లుంటే నాకేంది? మోరీల పెండ రావొద్దు, గంతే. ఇన్నేండ్లు రాలే గదా. గిప్పుడే ఎందుకొస్తున్నది?"

ప్రేమ్‌రాజ్ తిరిగి బండి దగ్గరికి నడిచి వెళ్లిపోయాడు.

అతను వెళ్లాక అదే ప్రశ్న కోమలవల్లి పుష్పమ్మను అడిగింది. పుష్పమ్మ తలుపు వారన నిలబడి, చేతిలోని గడ్డిపోచను ముక్కలు ముక్కలు చేస్తోంది. తప్పు తనదే అయినట్టు తల వంచుకుంది. తర్వాత గల్లీ మలుపు వైపు ఒకసారి చూసి, వెంటనే చూపు తిప్పుకుంది.

ఆ చూపు వెంట కోమలవల్లి కూడా చూసింది. అక్కడ ఉన్నది తను రంగులు వేయించిన గోడే. ఆ గోడ మీద పుష్పమ్మ పిడకలు కొట్టి ఎండబెట్టేదని ఆమెకు తెలియక కాదు. గోడ గీకించిన రోజున ఎండిన పెండ పొరలు తట్టలకొద్దీ రాలాయి. పొరపొరకూ ఐదువేళ్ల ముద్రలు. ఆ ముద్రలు ఎంత బాగున్నాయని బొమ్మలు వేసే శ్రీపాద ఫోటోలు కూడా తీసుకున్నాడు. అంత పెండా రేపటి నుంచి ఏ గోడకు పోతుందని మాత్రం ఒక్కరికీ తోచలేదు.

"మరి అప్పుడే చెప్పలేదేం పుష్పమ్మా?"

"మీరు అడగలే గదమ్మా." పుష్పమ్మ గొంతులో నిష్ఠూరం లేదు. "గోడ కరాబైంది, సాఫ్ చేస్తున్నమన్నరు. గుడి అమ్మ వచ్చి మా గల్లీల దేవుణ్ణి గీస్తనంటే, నా పెండకు అడ్డమని అంటనా?"

*

గురువారం పొద్దుటి నుంచి ఇద్దరూ గోడ కోసం తిరిగారు. వేరే గోడ దొరికితే చాలు, రోజుటి పెండ రోజే ఎండుతుంది, ఎండిన పిడకలు దహనాల వాళ్లు, హోమాల వాళ్లు తీసుకుపోతారు, మోరీ తేటపడుతుంది, బర్రెలు ఉంటాయి. చెప్పుకుంటే ఎంత చిన్న పని. పుష్పమ్మ ముందు నడుస్తూ ప్రతి గోడకూ అరచెయ్యి ఆనించి చూసేది. చల్లగా తగిలితే ఏమీ అనకుండా ముందుకు పోయేది. చెమ్మ ఉన్న గోడకు పెండ పట్టదు, జారిపోతుంది. నీడ గోడకు పట్టినా పురుగు పడుతుంది. పొద్దు ఎక్కే వేళకు ఎండ పడాలి, దిగే దాకా ఉండాలి.

అట్లాంటి గోడలు లేక కాదు. స్కూలు పక్క గోడ ఉంది. దాని మీద పావురాల బొమ్మలు. నీళ్ల ట్యాంకు గోడ ఉంది. దాని మీద చార్మినార్, గాజుల బండి. శాలిబండ వైపు మలుపు గోడ మీద పతంగులు ఎగరేసే పిల్లలు. ఎండ పడే చోటే రంగులు మెరుస్తాయని 'ముంగిలి' ఏరి ఏరి తీసుకున్న గోడలవి. పతంగుల గోడ మీద పుష్పమ్మ చెయ్యి ఆనించి, వెచ్చగా ఉన్నట్టుంది, ఒక్క క్షణం అట్లాగే ఉంచింది. మళ్ళీ తీసేసి, రంగు అంటిందేమోనని అరచెయ్యి చూసుకుంది.

కోమలవల్లి ఇళ్లలో అడిగి చూసింది. అదే గల్లీలోని విమలాదేవి మిద్దె మీద రోజంతా ఎండే. ఆమె మర్యాదగానే కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, పచ్చి పెండ తట్ట వంటిల్లు దాటి, మెట్లెక్కి పైకి పోవాలి కదమ్మా, ఎట్లా చెప్పు అన్నది. ట్రాలీ నడిపే బసవయ్య ఊరి బయట తోటలకు పెండ తోలేవాడు. వానల్లో బురద పెండ ఎవడూ దింపుకోనియ్యడు, ఎండబెట్టి ఇస్తే ఎత్తుతానన్నాడు. ఎండబెట్టడానికే కదా ఈ తిప్పలన్నీ. ప్రేమ్‌రాజ్‌ను రెండోసారి కలిసింది. అతను కుర్చీలోంచి లేచి నిలబడే మాట్లాడాడు. పిడకలు మునుపటి లెక్కనే కొట్టుకుంటే తనకు ఏ అభ్యంతరం లేదన్నాడు. గోడ ఉంటే సరి అన్నాడు.

తిరిగి వస్తుంటే వాన చినుకులు మొదలయ్యాయి. పుష్పమ్మ కొంగు నెత్తిన వేసుకొని, పోనిండ్రమ్మా, మీరు ఆగమాగం కాకుండ్రి అన్నది. కోమలవల్లికి ఆ ఓదార్పు ముల్లులా దిగింది. పోనియ్యడమే కదా ఇన్నేళ్లుగా అందరూ చేసింది. ఆ రోజు ఆమె అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద కలిపినట్టే వదిలేసి లేచింది.

*

శుక్రవారం ఆమె అఫ్జల్‌గంజ్ పోయి సున్నం బస్తా కొని తెచ్చింది.

శ్రీపాద గోడ దగ్గర బల్ల మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. కొమ్ముల మీద మెరుపు దిద్దడం అప్పుడే అయిపోయింది. బస్తా చూసి, ఇంకో గోడ పట్టినమా టీచర్ అని అడిగాడు. ఈ గోడకే అని ఆమె చెప్పింది. అతను గ్లాసును బల్ల మీద పెట్టాడు. మళ్ళీ తీసి, తాగకుండా పట్టుకొని కూర్చున్నాడు. వానలో టార్పాలిన్ కింద నిలబడి వేసిన రోజులు ఉన్నాయి. మల్లన్న మీసం కుదరక మూడుసార్లు చెరిపి దిద్దాడు.

"పుష్పమ్మ అడిగిందా?" అన్నాడు చివరికి.

"ఆమె అడగదు. అందుకే నేనే ఇస్తున్నా."

తను వేయనని, తన చేత్తో కాదని అతను చెప్పాడు. చెప్పాడే గాని, ఆమె ఒక్కతే ఈడుస్తుంటే చూడలేక, బస్తా దించి, డ్రమ్ములో సున్నం పోసి, నీళ్లు పట్టి వెళ్లాడు. సున్నం కుతకుతమంటూ పొగలు కక్కింది. చుట్టుపక్కల వాళ్లు పక్కగోడకేమో అనుకున్నారు.

డబ్బిచ్చే కంపెనీ తరఫున ఈ పనులు చూసే స్ఫూర్తికి ఆమే ఫోన్ చేసి చెప్పింది. స్ఫూర్తి కోప్పడలేదు. చాలా నెమ్మదిగా, ఆంటీ, ఆదివారం గోడ చూపించకపోతే వచ్చే ఏడాది ముంగిలి ఉండదు, ఇది నేను బెదిరించడం కాదు, ఉన్నమాట చెప్తున్నా అన్నది. పిల్లల క్లాసులు, కొత్త గోడలు, అన్నీ ఆగిపోతాయి. కోమలవల్లి ఫోను రెండు చేతులతో పట్టుకొని విన్నది. ఆగిపోతే ఆగిపోనీ అమ్మా అన్నది. ఆ మాట అన్నాక చాలా రోజులకు ఆమె మనసు కుదుటపడింది. ఒక్క ఇల్లు. ఒక్క ఇల్లయినా పోకుండా ఆపగలిగితే తక్కినదంతా పోయినా ఫరవాలేదు అనుకుంది.

*

శనివారం పొద్దు మిల్లు కప్పు దాటి గోడ మీదికి దిగుతోంది. కోమలవల్లి చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకొని, సున్నం బకెట్‌లో పెద్ద కుంచె ముంచింది. దేవుడి ముఖం చూస్తూ మొదలుపెట్టలేక, గొర్రెల మంద ఉన్న చివరికి పోయి నిలబడింది. పెదవులు కదులుతున్నాయి. అపచారం మన్నించమని ఆమె తన దేవుడికే చెప్పుకుంటోంది.

"ఏం చేస్తున్నరమ్మా?"

తలారా స్నానం చేసి, తడి జుట్టు కొసన ముడి వేసుకొని, పళ్లెంలో బండారి, ఊదుబత్తులు పట్టుకొని పుష్పమ్మ వచ్చింది. కోమలవల్లి ముఖం వెలిగింది. ఇన్నాళ్లకు ఒకరికి ఇవ్వదగినది తన చేతిలో ఉంది.

"గోడ నీకే పుష్పమ్మా. ప్రేమ్‌రాజ్‌తో మాట్లాడిన. ఇయ్యాల్నుంచే పిడకలు కొట్టుకో. మోరీ సాఫ్‌గా ఉంటే బర్రెలు ఉండొచ్చన్నాడు."

పుష్పమ్మ పళ్లెం కింద పెట్టింది. అర్థం కానట్టు బకెట్‌నూ, కుంచెనూ, గోడనూ చూసింది. కుంచె గోడ వైపు లేచేసరికి ఒక్క అడుగు ముందుకు వేసి కోమలవల్లి మణికట్టు పట్టుకుంది. రోజూ ఆ మడి ఇంటి గిన్నెకు తన గిన్నె తగలకుండా పైనుంచి పాలు పోసిన పుష్పమ్మ చెయ్యి అది. ఇన్నేళ్లలో ఆమెను ముట్టుకోవడం అదే మొదలు.

"వద్దమ్మా."

"దేవుడికి నేను చెప్పుకుంటా. ఆ పాపమేదో నాకే రానీ."

"మీది మీరు చెప్పుకుంటరు. నేనేం చెప్పుకోవాలె?" పుష్పమ్మ పట్టు సడలలేదు. "కేతమ్మ మా గొల్లోళ్ల ఆడబిడ్డ. ఆడబిడ్డ మొఖం మీద పెండ కొట్టి, ఆ పాలు నేను ఎవరికి పొయ్యాలె? గుడిల పొయ్యాలెనా?"

దేవుళ్ల వరకు వదిలేద్దాం, ఈ చివర ఒక్కటి తీసుకో అని కోమలవల్లి బతిమాలింది. ఈ చివర మల్లన్న గొర్రెలు. ఆ చివర బోనాలు. బోనం మీద కొట్టాలా, గొర్రె మీద కొట్టాలా, మీరే చూపించుండ్రి అన్నది పుష్పమ్మ. పైన బర్రెల దగ్గరయితే దేవుడు లేడు. అక్కడికి ఆమె చెయ్యి అందదు. అందినా, దేవుడి నెత్తిన పెండ కారుతుంటే ఎవరు ఊరుకుంటారు?

అప్పటికే ఆడవాళ్లు గడపలు దిగి వచ్చారు. ఎవరూ గట్టిగా అరవలేదు. అందరికంటే వెనక నిలబడిన విమలాదేవి మాత్రం అన్నది.

"పెట్టేది మీరే, తుడిచేది మీరేనా కోమలమ్మా? దేవుడేమన్న మీ స్కూలు పలకనా?"

ఒకరిద్దరు నవ్వారు. కుంచె నుంచి సున్నం చుక్కలు కోమలవల్లి పాదాల మీద పడుతున్నాయి. చర్మం చుర్రుమంటున్నా ఆమె కదల్లేదు.

ఓదెలు వచ్చి, ఇడువు చెయ్యి అన్నాడు భార్యతో. అప్పుడు గాని పుష్పమ్మ తను పట్టుకున్నది ఎవరి చెయ్యో చూసుకోలేదు. తటాలున వదిలేసి, రెండడుగులు వెనక్కి వేసి, చెయ్యిని కొంగులో దాచుకుంది.

"బర్లను అమ్మిన, బండి మాట్లాడిన అమ్మా" అన్నాడు ఓదెలు. "ప్రేమ్‌రాజ్ సారు చెప్పిన్నాడే మాట్లాడిన. మీరు తిరుగుతుంటే చెప్పబుద్ధి గాలే."

గోడ కోసం తాము తిరిగిన రోజున కూడా అతనికి తెలుసన్నమాట. ఆమె పుష్పమ్మ వైపు చూసింది. పుష్పమ్మ వంగి పళ్లెం తీసుకొని, కేతమ్మ ముందు కూర్చుని, అగ్గిపుల్ల గీసింది. అది ఆరిపోయింది. ఇంకొకటి గీసింది.

*

బండి మధ్యాహ్నం వచ్చింది. వెనక తలుపు దించి, నేలకు వాలుగా పలకలు వేశారు. బర్రెలు పలకల దాకా వచ్చి, కాలు మోపి, గుల్లగా మోగిన చప్పుడుకు వెనక్కి తగ్గాయి. బండివాడు కట్టె ఎత్తాడు. పుష్పమ్మ అతన్ని ఆగమంది. కుడితి బకెట్ తెచ్చి, చెయ్యి ముంచి తవుడు కలుపుతూ, ముద్దుగా ఏదో గొణుగుతూ, తనే పలకల మీదుగా బండి ఎక్కింది. ముసలి బర్రె మూతి చాచి ఆమె వెనకే ఎక్కింది. దాని వెనక తక్కినవి. అవి ఎక్కుతున్నకొద్దీ ఆమె వెనక్కి జరుగుతూ బండి ఆ చివరికి పోయింది. బండి నిండింది. నల్లటి వీపుల మధ్య ఆమె తల ఒక్కటే కనిపిస్తోంది.

దిగడానికి తోవ లేదు. ఓదెలు చక్రం మీద కాలు పెట్టి, పక్క కమ్మీల మీదుగా ఆమె చంకల కింద చేతులు వేసి, చిన్నపిల్లను దించినట్టు దించాడు. బకెట్ లోపలే ఉండిపోయింది. బండి కదిలాక ముసలి బర్రె అందులో మూతి పెట్టి తాగుతూనే ఉంది. తల ఎత్తలేదు. మలుపు తిరిగేదాకా కోమలవల్లి చూస్తూ నిలబడింది. ఎవరూ ఏడవలేదు. వచ్చి పోతుంటం అని చెప్పేవాళ్లు కూడా లేని ప్రయాణం అది.

ఆదివారం అంతా అనుకున్నట్టే జరిగింది. మోరీ కడిగి ముగ్గు వేశారు. కంపెనీవాళ్లు వచ్చారు, పెద్ద మేడమ్ వచ్చింది. పాత బస్తీలో ఇంత శుభ్రమైన గల్లీ చూడలేదని, వాసన కూడా లేదని మైకులో మెచ్చుకుంది. స్ఫూర్తి సంతోషం పట్టలేక కోమలవల్లి చెయ్యి నొక్కి, చూశారా ఆంటీ, కంగారు పడ్డారు అన్నది. పుష్పమ్మను గోడ ముందు నిలబెట్టి ఫోటోలు తీశారు. ఎవరో పాల చెంబు తెచ్చి పట్టుకోమన్నారు. ఆమె ఆ ఖాళీ చెంబును, తొణికిపోతుందేమో అన్నట్టు, రెండు చేతులతో పట్టుకొని నిలబడింది. చాయ్‌కి పాకెట్ పాలు తెప్పించారు. మైకు ముందు తను ఏం మాట్లాడిందో కోమలవల్లికి గుర్తు లేదు. చప్పట్లు మాత్రం వినపడ్డాయి.

*

రెండు రోజులు ఆమె ఇల్లు కదల్లేదు. మూడో పొద్దు కొట్టంలోంచి దబ్ దబ్ మని చప్పుడు వినిపిస్తే, ఏం చూడాల్సి వస్తుందోనని భయపడుతూనే వెళ్లింది.

ఓదెలు గడ్డపారతో నేలలోంచి బర్రెలను కట్టే గుంజలు పెకలిస్తున్నాడు. పుష్పమ్మ నీళ్లు చల్లి, చీపురుతో గట్టిగా రుద్ది, నేల కడుగుతోంది. సామాన్లు మూటలు కట్టి గోడవారన పెట్టి ఉన్నాయి. నది అవతల ఒక అపార్ట్‌మెంట్‌లో ఓదెలుకు వాచ్‌మన్ పని దొరికింది. మెట్ల కింద గది ఇస్తారట. పుష్పమ్మ అక్కడే నాలుగిళ్లలో పని చూసుకుంటుందట. ఇదంతా అతను గడ్డపార దింపుతూ, ఎత్తుతూ, మధ్యమధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పాడు. చెప్పి, గడ్డపార గోడకు ఆనించి, ముఖం తుడుచుకొని, కొట్టం తాళంచెవి ఆమె వైపు చాపాడు.

"పిల్లలు మీ ఇంటి అరుగు మీద ఇరుకిరుకు కూసుంటున్నరు గదమ్మా. ఈడ నేర్పుకోండ్రి. కిరాయి గిట్ల ఏమొద్దు. ఖాళీగ పెడితే తాగుబోతులు జొరబడ్తరు. పిల్లలుంటే మాకు నిమ్మళం."

వానొస్తే అరుగు తడుస్తుంది. క్లాసుకు ఒక గది కావాలని ఆమె ఎక్కని గడప లేదు. అడగని చోట ఇప్పుడు దొరికింది. వద్దని చెప్పాలనుకుంది. మీరు పోవద్దు, తాళంచెవి మీరే ఉంచుకోండి అని చెప్పాలనుకుంది. ఏ గోడను చూపించి, ఏ బర్రెను చూపించి ఆ మాట చెప్పాలో తెలియలేదు. చెయ్యి మాత్రం చాచింది. తాళంచెవి చల్లగా ఉంది.

ఆ చెయ్యి ఏం చేయాలో తెలియక, మూలన ఉన్న ఇంకో చీపురు అందుకుంది. పుష్పమ్మ వచ్చి, పుల్లల వైపు పట్టుకొని, చెయ్యికి చెయ్యి తగలకుండా చీపురును మెల్లగా లాగేసుకుంది.

"మీకెందుకమ్మా. వాసన పోవాలంటే ఇంకో రెండుసార్లు కడగాలె. పిల్లలు కూసునే జాగ."

కోమలవల్లి గడప దగ్గరికి జరిగి నిలబడింది. ఓదెలు చివరి గుంజ దగ్గరికి వచ్చాడు. తక్కినవాటికంటే లావుది, తల అరిగి నున్నగా నల్లబడింది. చుట్టూ తవ్వాడు. గడ్డపార కింద దూర్చి, ఒళ్లంతా బరువు వేసి ఎత్తాడు. అది కదల్లేదు. కాసేపు ఆగి, చేతుల్లో ఉమ్మి వేసుకొని మళ్ళీ ఎత్తాడు. మెడ నరాలు ఉబ్బాయి. మూడోసారికి గడ్డపార పక్కన పడేసి, తవ్విన మట్టిని కాలితో తిరిగి గుంతలోకి నెట్టాడు. మడమతో గట్టిగా తొక్కి చదును చేశాడు.

"ఇది రాదమ్మా" అన్నాడు. "మా నాయిన పాతిండు. పిల్లలకు జర చూసి నడవమని చెప్పుండ్రి, కాలు తట్టుకుంటరు."